పాత యెజ్డీ, రాజ్‌దూత్‌లకు పొడవు షాకబ్జర్లు: ముందు ఇనుప పట్టీ, తర్వాతే కొనుగోలు

సీమలో పాత బండి ఏ బాట పట్టినా రాయే ఎదురొస్తుంది. గండికోట మిట్టల మీద పలకలు పలకలుగా లేచిన రాళ్లు, అనంతపురం పక్క ఎర్ర గరుసు నేల, వంకల్లో గులకరాళ్లు, కర్నూలు పక్క ఎండకు బిర్రబిగిసిన నల్లరేగడి బండ్లబాటలు. యెజ్డీ, జావా, రాజ్‌దూత్, ఆర్‌ఎక్స్ 100 లాంటి జంట షాకబ్జర్ల బండ్లు ఈ దారుల్లో అడుగు గీరుకుంటాయి, వెనక చక్రం గుంతలో పడగానే టక్కున అడుగంటుతుంది. వెనక పొడవైన షాకబ్జర్లు వేద్దామన్న ఆలోచన అక్కడే పుడుతుంది. ఆలోచన మంచిదే. బిగించే పని కూడా ఒక్క పూటలో అయిపోతుంది. అయితే ఎంత పొడవు వేయాలన్నది అంగట్లో తేలే మాట కాదు. చైను, బ్రేక్ రాడ్, స్టాండు, మడ్‌గార్డ్, ఈ నాలుగూ ఎంత పొడవుకు ఒప్పుకుంటాయో అంతే వేయాలి. షాకబ్జర్లు కొనక ముందే ఆ సంగతి తేల్చుకోవచ్చు.

పొడవు వేరు, స్ట్రోక్ వేరు

షాకబ్జర్ రెండు చివర్లా బిగించడానికి ఉండే గుండ్రటి రంధ్రాన్ని కన్ను అంటారు. పై కన్ను మధ్య నుంచి కింది కన్ను మధ్య దాకా ఉండేది పొడవు. లోపలి రాడ్ ఎంత దిగుతుందో అది స్ట్రోక్. పొడవు 25 మి.మీ. పెరిగి స్ట్రోక్ పాతదే ఉంటే బండి ఎత్తు పెరుగుతుంది, అంతే. గుంతలను మింగే శక్తి ఏమీ పెరగదు. కింది కన్నుకు బిగించే ఎత్తు ముక్కలు చేసేది సరిగ్గా ఇదే. పైగా ఆ ముక్క కన్ను దగ్గర ఇంకో కీలులా మారి పక్కకు ఒరిగితే షాకబ్జర్ రాడ్ వంగుతుంది, సీలు పగులుతుంది, స్వింగ్ ఆర్మ్ (వెనక చక్రాన్ని పట్టుకుని పైకీ కిందికీ ఆడే చట్రం) మీద, కన్ను ఎక్కే స్టడ్ కూడా వంకరపోతుంది. రాళ్లలో తిరిగే బండికి ఎత్తు ముక్కలు వద్దు. పొడవుతో పాటు స్ట్రోక్ కూడా పెరిగిన షాకబ్జర్ దొరికితేనే ఈ పనికి దిగండి.

షాకబ్జర్ 25 మి.మీ. పెరిగితే బండి వెనక భాగం అంతకంటే కొంచెం ఎక్కువే లేస్తుంది. లెక్క సులువు. స్వింగ్ ఆర్మ్ ఇరుసు (అది ఫ్రేము దగ్గర కీలులా ఆడే చోటు) నుంచి వెనక యాక్సిల్ (చక్రం మధ్య కడ్డీ) దాకా ఉన్న దూరాన్ని, అదే ఇరుసు నుంచి షాకబ్జర్ కింది స్టడ్ దాకా ఉన్న దూరంతో భాగించాలి. ఉదాహరణకు 430 మి.మీ., 390 మి.మీ. అనుకుంటే 1.10 వస్తుంది. షాకబ్జర్ ముందుకు 15 డిగ్రీలు వాలి ఉంటే ఈ నిష్పత్తి 1.14 అవుతుంది. అంటే 25 మి.మీ. పొడవుకు చక్రం సుమారు 28 మి.మీ. కిందికి దిగుతుంది. 75 మి.మీ. స్ట్రోక్ ఉంటే చక్రం కదలిక సుమారు 85 మి.మీ., 90 మి.మీ. స్ట్రోక్ ఉంటే సుమారు 103 మి.మీ. ఈ అంకెలు ఉదాహరణకే. మీ బండిని మీ టేపుతో కొలవండి, ఒకే మోడల్ బండ్లలో కూడా పాత రిపేర్ల వల్ల తేడాలు ఉంటాయి.

ఫ్రేము కోయకుండా, దానికి వెల్డింగ్ చేయకుండా పెంచాలంటే 20 నుంచి 30 మి.మీ. చాలు. 35 దాటితే చైను దారి, హ్యాండిల్ నడక రెండూ చెడతాయి.

హ్యాండిల్ సంగతి ముందే తెలియాలి. రెండు చక్రాల మధ్య దూరం 1300 మి.మీ. ఉన్న బండికి వెనక 25 మి.మీ. లేస్తే ముందు ఫోర్కు సుమారు 1.1 డిగ్రీ నిటారు అవుతుంది. దాంతో ట్రెయిల్ (స్టీరింగ్ గీత నేలను తాకే చోటుకూ ముందు టైరు నేలను తాకే చోటుకూ మధ్య దూరం, బండిని సూటిగా నడిపేది ఇదే) ఆరేడు మి.మీ. తగ్గుతుంది. ఇరుకు దారిలో బండి తేలిగ్గా తిరుగుతుంది గానీ, కంకర మీద వేగం పెరిగాక హ్యాండిల్ వణకడం మొదలవ్వచ్చు. వెనక పెంచినవాళ్లు ముందును కూడా ఎందుకు చూసుకోవాలో దీన్నిబట్టే అర్థమవుతుంది. ఆ పని కింద ఉంది.

పట్టీ పరీక్ష

మొత్తం పనిలో విలువైన భాగం ఇదే. షాకబ్జర్ల చోట ఇనుప పట్టీలు బిగించి, కొత్త పొడవుకు ఏది ఎక్కడ తగులుతుందో ముందే చూడటం. పాత ఇనుము అంగట్లో 25 మి.మీ. వెడల్పు, 5 మి.మీ. మందం ఉన్న ఫ్లాట్ పట్టీ ఒక మీటరు కొనండి. దాన్ని రెండుగా కోసి, రెంటినీ కలిపి బిగించి ఒకేసారి రంధ్రాలు వేయించండి, కొలతలు తేడా రావు. పైన ఒక రంధ్రం. దాని మధ్య నుంచి కిందికి, మీరు అనుకున్న కొత్త పొడవు దగ్గర ఒకటి. ఆ పొడవులోంచి స్ట్రోక్ తీసేస్తే వచ్చే కొలత దగ్గర ఇంకొకటి. 345 మి.మీ. పొడవు, 85 మి.మీ. స్ట్రోక్ అనుకుంటే రంధ్రాలు 345 దగ్గర, 260 దగ్గర. రంధ్రం సైజు మీ స్టడ్‌కు తగ్గట్టు ఉండాలి. స్టడ్ ఎంత ఉందో వెర్నియర్‌తో చూడండి, కంటితో అంచనా వేయొద్దు.

ఇంజన్ కింద చెక్క దిమ్మె పెట్టి వెనక చక్రం గాల్లో ఉండేలా బండిని నిలపండి. సెంటర్ స్టాండ్ ఒక్కదాన్నే నమ్ముకోవద్దు, స్వింగ్ ఆర్మ్ బలంగా కదిపేటప్పుడు బండి ముందుకు జారుతుంది. ముందు చక్రానికి అటూ ఇటూ రాళ్లు అడ్డం వేయండి. చక్రం కింద జాకీ గానీ ఇటుకలు గానీ పెట్టి బరువు ఆపి, రెండు షాకబ్జర్లనూ తీసేయండి. ఒకటి తీసి ఒకటి బిగించే పద్ధతి ఇక్కడ పనికిరాదు, పాతదీ కొత్తదీ పొడవులు వేరు గనుక అవి ఒకదాన్నొకటి లాగుతాయి.

ఇప్పుడు స్వింగ్ ఆర్మ్‌ను చివర్లో పట్టుకుని పక్కలకు ఊపండి. యాక్సిల్ దగ్గర కదలిక కంటికి కనిపిస్తే బుష్‌లు పోయినట్టు. పొడవు షాకబ్జర్లతో ఆ లూజు ఇంకా పెద్దదై బండి వెనక పాములా ఊగుతుంది. ముందు లేత్‌లో గన్‌మెటల్ బుష్‌లు చేయించి ఇరుసు సరిచేయండి. అది వాయిదా వేసి షాకబ్జర్లు మార్చడం దండగ.

తర్వాత షాకబ్జర్ల చోట పట్టీలను, కింది స్టడ్ పొడవు రంధ్రంలోకి వచ్చేలా బిగించండి. చక్రం పూర్తిగా వేలాడినప్పుడు ఎలా ఉంటుందో ఇప్పుడు కళ్లముందు ఉంటుంది. ఒక్కొక్కటే చూడండి.

చైను పై వరస స్వింగ్ ఆర్మ్ పై భాగానికి, ఇరుసు దగ్గర, తగులుతుందా? తగులుతుంది, దాదాపు ఎప్పుడూ. స్వింగ్ ఆర్మ్ కిందికి వాలేకొద్దీ ఇరుసు దగ్గరి గొట్టం చైనుకు అడ్డం వస్తుంది. కొద్దిగా రాసుకుంటే అక్కడ 10 మి.మీ. మందం నైలాన్ ముక్కను, తలలు లోపలికి దిగేలా గాడి కోసిన స్క్రూలతో బిగించవచ్చు. తాడిపత్రి, యర్రగుంట్ల పక్క పాత కన్వేయర్ బెల్టు ముక్కలు దొరుకుతాయని చాలామంది వాటినే వేస్తారు. అవి పనిచేస్తాయి గానీ దుమ్మును పట్టుకుని చైనుకే ఆకురాయిలా తయారవుతాయి. నైలాన్ మేలు. చైను గొట్టాన్ని గట్టిగా నొక్కుతుంటే మాత్రం ఆ పొడవు మీ బండికి కాదు. 10 మి.మీ. తగ్గించి కొత్త రంధ్రం వేయండి.

యెజ్డీ, జావాలకు ఇంకో చిక్కు ఉంది. వాటి చైను మొత్తం డబ్బా లోపల ఉంటుంది, ఇంజన్ వైపు రబ్బరు గొట్టాలు ఉంటాయి. చక్రం దిగినప్పుడు ఆ రబ్బర్లు సాగి చైను వాటి లోపలి అంచును కోస్తుంది. కోసిన రబ్బరు ముక్క స్ప్రాకెట్‌లో పడితే చైను దాటేస్తుంది. డబ్బా తీసేసి చైనును బయటికి వదిలేయడం ఒక దారి. కానీ మన దుమ్ములో బయటి చైనును ప్రతి 300 కి.మీ.కు తుడిచి నూనె పెట్టాలి, డబ్బాలో ఉన్న చైను దానికి ఎన్నో రెట్లు మన్నుతుంది. కొత్త రబ్బర్లు వేసి, పొడవును 20 మి.మీ. దగ్గర ఆపి, డబ్బాను ఉంచుకోవడమే మంచిది.

బ్రేక్ రాడ్ చూడండి. పెడల్ ఇరుసు, స్వింగ్ ఆర్మ్ ఇరుసు ఒకే చోట ఉండవు గనుక చక్రం దిగినప్పుడు రాడ్ బిగుసుకోవచ్చు, వదులు కావచ్చు. చక్రాన్ని చేత్తో తిప్పండి. పెడల్ తొక్కకుండానే బ్రేకు పట్టేస్తుంటే రాడ్ నట్టు వదులు చేయాలి. అలా చేశాక పట్టీని పొట్టి రంధ్రానికి మార్చి, బ్రేకు అప్పుడు కూడా పడుతుందో లేదో చూడాలి. రెండు చోట్లా సరిపోయే కొలత దొరకాలి. బ్రేక్ ప్లేట్‌ను పట్టుకునే ఆర్మ్ బోల్టులు కూడా ఒకసారి తడమండి, వాటి కాటర్ పిన్ లేకుండా తిరిగే బండ్లు చాలానే ఉన్నాయి.

ఇక పొట్టి రంధ్రం. చక్రం పూర్తిగా పైకి నొక్కుకుపోయిన స్థితి అది. టైరుకూ మడ్‌గార్డ్‌కూ మధ్య కనీసం 15 మి.మీ. ఉండాలి, మడ్‌గార్డ్ లోపలి బోల్టు తలలు, టెయిల్ లైట్ వైరు కూడా లెక్కలోకి వస్తాయి. ముళ్ల టైరు వేయాలనుకుంటే దాన్ని ఎక్కించాకే కొలవండి. టైరు తగిలితే పొడవు తగ్గించినా లాభం లేదు, అది స్ట్రోక్ ఎక్కువైందని అర్థం. అదే స్థితిలో సైలెన్సర్ చివర, సీటు కింది వైర్లు, చైను కింది వరస కూడా చూసుకోండి.

చైను బిగువు

చైను బిగువు తప్పితే గేర్‌బాక్స్ పోతుంది. గేర్‌బాక్స్ స్ప్రాకెట్ మధ్య, స్వింగ్ ఆర్మ్ ఇరుసు, వెనక యాక్సిల్, ఈ మూడూ ఒకే గీత మీదికి వచ్చినప్పుడు చైను అన్నిటికంటే బిగుతుగా ఉంటుంది. పొడవు షాకబ్జర్లు వేస్తే చక్రం ఆ గీతకు ఇంకా దిగువన నిలబడుతుంది, కాబట్టి స్టాండు మీద చైను మునుపటికంటే వదులుగా కనిపించాలి. అలవాటు కొద్దీ స్టాండు మీదే 20 మి.మీ. వదులు పెట్టి బిగిస్తే, గుంతలో చక్రం పైకి లేచినప్పుడు చైను తీగలా సాగి గేర్‌బాక్స్ బేరింగ్‌ను నలగ్గొడుతుంది.

సరైన పద్ధతి: పట్టీలు తీసేసి, జాకీతో చక్రాన్ని మెల్లగా పైకి లేపండి. దారం పట్టి మూడు మధ్యలూ ఒకే గీతలో ఉన్నాయో చూడండి. అక్కడ కింది వరస మధ్యలో 10 నుంచి 15 మి.మీ. వదులు ఉండేలా చైను బిగించండి. చక్రాన్ని తిప్పుతూ అన్నిచోట్లా చూడండి, పాత చైను ఒకచోట బిగుతు ఒకచోట వదులు ఉంటుంది, బిగుతు చోటునే లెక్కకు తీసుకోవాలి. తర్వాత చక్రాన్ని పూర్తిగా వేలాడదీసి అప్పుడు వదులు ఎంతో కొలిచి, స్వింగ్ ఆర్మ్ మీద పెయింట్‌తో రాసుకోండి. చాలా బండ్లలో అది 30 నుంచి 45 మి.మీ. మధ్య వస్తుంది. ఇకమీదట మీ బండికి ఆ అంకే ప్రమాణం, పాత పుస్తకంలోది కాదు.

షాకబ్జర్లు కొనడం

పొడవు తేలింది గనుక ఇప్పుడు అంగడికి వెళ్లొచ్చు. వెంట వెర్నియర్ తీసుకెళ్లండి. చూడాల్సినవి: పొడవు, స్ట్రోక్, పై కన్ను రంధ్రం, కింది కన్ను రంధ్రం, కన్ను వెడల్పు, స్ప్రింగు బయటి వ్యాసం. చివరిది మరిచిపోయి కొన్న లావు స్ప్రింగు చైను డబ్బాకు రాసుకుంటుంది. స్ప్రింగుకూ దాని పక్కనున్న దేనికైనా మధ్య 5 మి.మీ. జాగా ఉండాలి.

బుల్లెట్ షాకబ్జర్లు సులువుగా దొరుకుతాయని వాటిని ఆర్‌ఎక్స్‌కు తగిలించేవాళ్లు ఉన్నారు. బుల్లెట్ 160 కిలోలు దాటిన బండి, ఆర్‌ఎక్స్ సుమారు 100 కిలోలు. ఆ స్ప్రింగు మీద చిన్న బండి కుంగదు, రాయి మీద రాయిలా ఎగురుతుంది. బండి బరువుకు దగ్గరి బరువున్న బండి నుంచే షాకబ్జర్ తీసుకోండి.

కన్ను రంధ్రం పెద్దదైతే లేత్‌లో ఉక్కు గొట్టం తిప్పించి లోపల వేయాలి, రేకు చుట్టి బిగించకూడదు. గొట్టం పొడవు కన్ను రబ్బరు కంటే అర మి.మీ. ఎక్కువ ఉండాలి. అప్పుడే నట్టు బిగించినప్పుడు వాషర్ గొట్టాన్ని నొక్కుతుంది, రబ్బరు తన పని తాను చేసుకుంటుంది. గొట్టం పొట్టిదైతే వాషర్ రబ్బరును నలిపేస్తుంది, రెండు నెలల్లో అది పొడైపోతుంది.

గ్యాస్ లేని నూనె షాకబ్జర్లను లావు భాగం కింద, రాడ్ పైన ఉండేలానే బిగించాలి. తలకిందులు చేస్తే గాలి పీల్చి డ్యాంపింగ్ (స్ప్రింగు ఊపును అదుపు చేసే పని) పోతుంది. చాలాకాలం అడ్డంగా పడున్నవైతే బిగించే ముందు నిలబెట్టి ఐదారుసార్లు పూర్తిగా నొక్కి లాగండి, గాలి పైకి పోతుంది. అలా చేశాక కూడా మొదటి సగం ఊరికే జారిపోతుంటే లోపల నూనె లేదు. పక్కన డబ్బా ఉన్న గ్యాస్ షాకబ్జర్‌ను మాత్రం ఎక్కడా విప్పించొద్దు, లోపల నైట్రోజన్ ఒత్తిడి మీద ఉంటుంది.

కర్నూలు ఎండల్లో 42 డిగ్రీలు దాటిన మధ్యాహ్నం గంటసేపు రాళ్ల మీద నడిపితే నూనె పలచబడి చవక షాకబ్జర్ చివర్లో ఉట్టి స్ప్రింగులా ఆడుతుంది. విప్పి నూనె మార్చే వీలున్న రకం దొరికితే దానికే డబ్బు పెట్టండి, ఒక స్థాయి చిక్కటి నూనె పోసుకోవచ్చు.

బిగింపు

ఫ్రేము మీది పై స్టడ్‌లను ముందు చూడండి. సూటి కడ్డీ ఆనించి రెండూ సమాంతరంగా ఉన్నాయో లేదో తెలుసుకోవచ్చు. వంగిన స్టడ్ మీద కొత్త షాకబ్జర్ బిగిస్తే రాడ్ పక్కకు నెట్టుకుని సీలు కారుతుంది. స్టడ్‌కు పలుచగా గ్రీజు రాసి, ముందు పై కన్నులు, తర్వాత జాకీతో చక్రాన్ని సర్దుతూ కింది కన్నులు ఎక్కించండి. వాషర్లు పాత వరసలోనే వేయాలి. నట్లను చేత్తో తిప్పి వదిలేయండి.

గట్టిగా బిగించేది బండి నేల మీద నిలబడ్డాకే. చక్రం వేలాడుతున్నప్పుడు బిగిస్తే రబ్బరు మెలిపడి ఉండిపోతుంది, బండి కూర్చున్న ప్రతిసారీ చిరుగుతుంది. 10 మి.మీ. స్టడ్‌కు 30 న్యూటన్ మీటర్లు చాలు. టార్క్ పానా లేకపోతే 15 సెం.మీ. పానాతో ఒక చేతి బలం చూపండి, దానికి గొట్టం తొడిగి లాగొద్దు. పాత స్టడ్ మరలు మెత్తగా ఉంటాయి. నైలాన్ ఉన్న లాక్ నట్లు కొత్తవి వేయండి.

స్టాండ్లు ఇప్పుడు పొట్టివవుతాయి. సైడ్ స్టాండ్ మీద బండి మరీ వాలితే కార్బురేటర్ నుంచి పెట్రోలు కారుతుంది, మెత్తటి నేలలో పడిపోతుంది. స్టాండు చివర 20 మి.మీ. ముక్క, దాని కింద 60 మి.మీ. చదరం పలక వెల్డ్ చేయించండి. నల్లరేగడిలో పలక లేకపోతే ఏ స్టాండూ నిలవదు. సెంటర్ స్టాండ్ కాళ్లకు చెప్పులు వేయించవచ్చు, కానీ అవి వేలాడి రాళ్లకు తగులుతాయి. ఇంట్లో రెండు అంగుళాల చెక్క ఒకటి ఉంచుకుని దాని మీద ఎక్కించడం నయం.

ముందు ఫోర్కు, కుంగుదల

వెనక లేచిన దానికి తగ్గట్టు ముందును 10 నుంచి 15 మి.మీ. లేపాలి. ఫోర్కు గొట్టాలు పై పలక దాటి పొడుచుకుని ఉంటే వాటిని కిందికి దించవచ్చు. పాత బండ్లలో ఆ వీలు ఉండదు. అప్పుడు ఫోర్కు మూత తీసి స్ప్రింగు మీద 10 నుంచి 15 మి.మీ. ఇనుప గొట్టం ముక్క వేయాలి, రెండు వైపులా వాషర్లతో. స్ప్రింగు అప్పటికే నిండుగా మూసుకుపోయేంత పెద్ద ముక్క వేయకూడదు. మూత తీసినప్పుడే నూనె కూడా మార్చేయండి.

కుంగుదల అంటే బరువు పడ్డప్పుడు బండి ఎంత దిగుతుందన్నది. దాన్ని కొలవడానికి ముగ్గురు కావాలి. యాక్సిల్ నుంచి దానికి నిటారుగా పైన, మడ్‌గార్డ్ మీద పెట్టుకున్న గుర్తు దాకా దూరాన్ని మూడుసార్లు కొలవండి: చక్రం గాల్లో ఉన్నప్పుడు, బండి ఒంటరిగా నేల మీద ఉన్నప్పుడు, నడిపే మనిషి బూట్లు, హెల్మెట్‌తో సహా కూర్చున్నప్పుడు. చక్రం కదలిక 100 మి.మీ. ఉంటే మొదటిదానికీ మూడోదానికీ తేడా 30 మి.మీ. దగ్గర ఉండాలి, మొదటిదానికీ రెండోదానికీ 10 నుంచి 15. స్ప్రింగు కింది కాలర్‌ను హుక్ పానాతో తిప్పి మూడో కొలత సరిచేయండి, రెండు పక్కలా ఒకే గీత మీద. అది సరిపోయాక కూడా బండి ఒంటరిగా అసలు కుంగకపోతే స్ప్రింగు మెత్తనిది, దాన్ని అతిగా బిగించి నిలబెడుతున్నారు. ఒంటరిగానే 25 కుంగుతుంటే స్ప్రింగు మరీ గట్టిది. రెండు సందర్భాల్లోనూ కాలర్ తిప్పి లాభం లేదు, స్ప్రింగు మార్చాలి.

కింది స్టడ్‌ను ముందుకు జరిపి ఇంకా ఎక్కువ కదలిక తెచ్చుకోవచ్చు కదా అనే ప్రశ్న ప్రతిచోటా వస్తుంది. 1973లో హాకన్ ఆండర్సన్ ఒంటి షాకబ్జర్ యమహా మీద 250 సీసీ మోటోక్రాస్ ప్రపంచ టైటిల్ గెలిచాక పోటీ బండ్లన్నీ ఎక్కువ కదలిక వెంట పడ్డాయి, జంట షాకబ్జర్లను ముందుకు జరపడం ఆ రోజుల పరిష్కారమే. కానీ స్ప్రింగు బలం నిష్పత్తి వర్గానికి తగ్గట్టు పెరగాలి. 1.14 ఉన్నది 1.4 అయితే స్ప్రింగు ఒకటిన్నర రెట్లు గట్టిది కావాలి, స్వింగ్ ఆర్మ్ గొట్టానికీ ఫ్రేముకూ బలం కట్టాలి. రోడ్డు మీద తిరిగే బండికి ఇది చేయకండి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ తయారీదారు ఇచ్చిన రూపాన్ని మార్చడాన్ని అడ్డుకుంటుంది. 15 ఏళ్లు దాటిన బండికి రిజిస్ట్రేషన్ రెన్యువల్ ప్రతి ఐదేళ్లకూ ఉంటుంది. పాత షాకబ్జర్ల జతను నూనె రాసి దాచిపెట్టండి, ఆ రోజుకు అవే బిగించుకోవచ్చు.

మొదటి నడక

ఖాళీ మట్టిరోడ్డు మీద 30 కి.మీ. వేగంతో మొదలుపెట్టి మెల్లగా పెంచండి. హ్యాండిల్ వణికితే వెంటనే యాక్సిలరేటర్ కొంచెం తగ్గించి, చేతులు బిగబట్టకుండా వేగం పడనివ్వండి. ఇంటికి వచ్చి స్టీరింగ్ బేరింగ్ లూజు, ముందు ఎత్తు చూడండి. గుంత దాటాక వెనక రెండు మూడుసార్లు ఊగితే డ్యాంపింగ్ చాలడం లేదు. వరస గుంతల్లో వెనక పోను పోను కిందికి కూరుకుపోతుంటే స్ప్రింగు తిరిగి లేచేలోపే డ్యాంపింగ్ ఆపేస్తోంది, పలుచటి నూనె వేయాలి. బ్రేకు వేస్తే వెనక ఎగిరి చక్రం జారడం పెరిగితే స్ప్రింగు గట్టిది.

20 కి.మీ. దగ్గర షాకబ్జర్ నట్లు నాలుగూ, యాక్సిల్ నట్టు, బ్రేక్ ఆర్మ్ బోల్టులు మళ్లీ బిగించండి. 100 కి.మీ. దగ్గర ఇంకోసారి. అప్పుడే నైలాన్ ముక్క మీద చైను గీసిన గాడి లోతు చూడండి. 3 మి.మీ. దాటి ఉంటే మీ పొడవు ఇంకా ఎక్కువే ఉంది, పట్టీలు మళ్లీ బయటికి తీసి 5 మి.మీ. తగ్గించి చూడండి.